పిన్ని మెట్టు

పాత పట్టుచీరకి అంచు మార్పించుకున్న వాళ్ళకి నేను చెప్పబోయే సంగతి ఇట్టే అర్థమవుతుంది. మా అమ్మ పెళ్ళినాటి చీర ఒకటి ఉండేది. మడతల దగ్గర చివికిపోయింది గాని జరీ అంచు మాత్రం నిక్షేపంలా ఉంది. అంచు విప్పించి కొత్త పట్టు మీద కుట్టించాను. కొన్నేళ్ళకి కొంగు కూడా మార్చాల్సి వచ్చింది. ఇప్పుడది కట్టుకుని పేరంటానికి వెళితే, ఎవరైనా అడిగినప్పుడు "మా అమ్మ చీర" అనే చెబుతాను. నిజానికి అందులో అమ్మది ఎంత? రెండంగుళాల జరీ. అయినా అది అమ్మ చీరే.

మొన్న వేసవిలో సరిగ్గా ఇదే చిక్కు ఒక జీపు దగ్గర వచ్చిపడింది.

మా బాబాయి వాళ్ళది మాడుగుల. ఒకప్పుడు విశాఖ జిల్లా, 2022 నుంచీ అనకాపల్లి జిల్లా. మాడుగుల అనగానే అందరికీ హల్వా గుర్తొస్తుంది. గోధుమలు నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, కట్టెల పొయ్యి మీద నెయ్యీ పంచదారా పోసి గంటలకొద్దీ తిప్పే ఆ హల్వా కోసం ఎక్కడెక్కడినుంచో వస్తారు. కానీ నాకు మాడుగుల అంటే ముందు కొండలే గుర్తొస్తాయి. ఊరు దాటగానే అడ్డంగా నిలబడి ఉంటాయి. వాటి మీదుగానే పాడేరు ఘాట్ రోడ్డు. మా బాబాయి ఆ పైన ఏజెన్సీలో చిన్న చిన్న కల్వర్టులూ రోడ్డు పనులూ కాంట్రాక్టు తీసుకునేవాడు. అప్పట్లో చాలా ఊళ్ళకి బస్సు కాదు గదా, ఎద్దుబండి కూడా పోయేది కాదు. వర్షాకాలంలో గెడ్డ పొంగితే అటువాళ్ళు అటే, ఇటువాళ్ళు ఇటే. అక్కడ పనికొచ్చేది జీపు ఒక్కటే.

1974లో బాబాయి ఒక ప్రభుత్వ శాఖ వేలంలో పాత జీపు కొన్నాడు. స్టీరింగు ఎడమవైపు. తలుపులు లేవు. పైన కిత్తాను గుడ్డ. మోదకొండమ్మ గుడి దగ్గర ఆపి కొబ్బరికాయ కొడితేగాని కొండ ఎక్కేది కాదని మా ఇంట్లో హాస్యం. "ఇది యుద్ధంలో పనిచేసిన జీపు. అమెరికా సోల్జర్లు తోలిన బండి" అని బాబాయి వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. జపానువాళ్ళు 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద బాంబులు వేసిన కథ కూడా దానికి జోడించేవాడు. ఆ బాంబులకీ ఈ జీపుకీ ఏం సంబంధమో మాకెప్పుడూ తెలియలేదు. అయినా వినేవాళ్ళం.

బాబాయి పోయాక జీపు చింతచెట్టు కింద పాకలో ఉండిపోయింది. కోళ్ళు గుడ్లు పెట్టుకున్నాయి. విశాఖలో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడికి, అంటే బాబాయి కొడుక్కి, నలభై దాటాక ఉన్నట్టుండి తండ్రి బండి మీద మమకారం పుట్టుకొచ్చింది. బాగుచేయించి, "వింటేజ్" కింద రిజిస్టరు చేయిస్తానన్నాడు.

ఇక్కడ కొంచెం చట్టం చెప్పాలి. 2021లో కేంద్ర ప్రభుత్వం పాత బండ్లకోసం ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను జరిగి యాభై ఏళ్ళు దాటిన, కిరాయికి తిప్పని ద్విచక్ర, నాలుగు చక్రాల బండి అయితే "వి.ఎ." అనే అక్షరాలతో నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషనుకి ఇరవై వేల రూపాయలు కట్టాలి. పదేళ్ళు చెల్లుతుంది. అలాంటి బండిని రోజూ బజారుకి తిప్పకూడదు. ప్రదర్శనలకీ ర్యాలీలకీ, పెట్రోలుకీ మరమ్మతుకీ మాత్రమే రోడ్డెక్కాలి. అన్నిటికన్నా ముఖ్యమైన షరతు, అసలు రూపంలో ఉండాలి. చాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చేసి ఉండకూడదు.

"అసలు రూపం" అన్న రెండు మాటలే మా ఇంట్లో ఇంత గొడవ తెచ్చాయి.

తమ్ముడు నన్ను పిలిచాడు. "అక్కా, నువ్వు హిస్టరీ చదివావు కదా, వచ్చి చూడు" అన్నాడు. నేను చదివిన బి.ఎ.లో శాతవాహనులున్నారు గాని సైలెన్సర్లు లేవు. అయినా వెళ్ళాను. వెళ్ళాక తెలిసింది, నాకు తెలిసిన విద్య అక్కడ పనికొస్తుందని.

* * *

ముందు జీపు పుట్టుక చెబుతాను. అది తెలియకపోతే ఏ భాగం ఎవరిదో తేలదు.

1940లో యూరపులో యుద్ధం ముదిరింది. గుర్రాలకి బదులు చిన్న, తేలికైన, నాలుగు చక్రాలూ లాగే బండి కావాలనుకుంది అమెరికా సైన్యం. 135 కంపెనీలకి కబురు పెట్టింది. నమూనా బండి 49 రోజుల్లో తెచ్చి చూపించాలి. అంత తొందరకి దాదాపు అందరూ దణ్ణం పెట్టి తప్పుకున్నారు. పెన్సిల్వేనియాలో బట్లర్ అనే ఊళ్ళో బాంటమ్ అనే కంపెనీ ఉండేది, దివాలాకి దగ్గరలో. వాళ్ళు కార్ల్ ప్రాబ్‌స్ట్ అనే ఇంజనీరుని పిలిపించి బొమ్మ గీయించుకున్నారు. గడువులోపల, సెప్టెంబరు 23న, బండి తెచ్చి నిలబెట్టారు. సైన్యం మెచ్చుకుంది. మెచ్చుకుని ఏం చేసింది? ఆ బొమ్మలు విల్లీస్ కంపెనీకీ ఫోర్డ్ కంపెనీకీ చూపించింది. పెద్ద ఆర్డర్లు ఆ ఇద్దరికీ ఇచ్చింది. బాంటమ్ చేసిన జీపులు మూడు వేలు దాటలేదు. తర్వాత వాళ్ళని ట్రైలర్లు చేసుకోమన్నారు. వంట చేసినావిడ వంటింట్లోనే ఉండిపోయి, వడ్డించినావిడకి పేరొచ్చినట్టు! ఆడవాళ్ళకి ఈ కథ కొత్తదేమీ కాదు.

యుద్ధం ముగిసేలోగా విల్లీస్, ఫోర్డ్ కలిసి ఆరు లక్షలకి పైగా జీపులు చేశాయి. ఒకే కొలతలు. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య ఎనభై అంగుళాలు. ఒకరి భాగం మరొకరి బండికి పట్టాలని సైన్యం షరతు. యుద్ధరంగంలో రెండు విరిగిన జీపుల్ని కలిపి ఒకటి చేసుకోవాలి కదా మరి. అంచేత జీపు పుట్టుకలోనే కల్తీకి అనుమతి ఉంది.

మన దేశంలో కథ ఇంకో మలుపు తిరిగింది. 1945లో మహీంద్రా అన్నదమ్ములు మాలిక్ గులామ్ మహమ్మద్‌తో కలిసి "మహీంద్రా అండ్ మహమ్మద్" కంపెనీ పెట్టారు. దేశవిభజనతో ఆయన పాకిస్తాన్ వెళ్ళి అక్కడ మొదటి ఆర్థికమంత్రి అయ్యాడు. 1948లో కంపెనీ పేరు "మహీంద్రా అండ్ మహీంద్రా" అయింది. 1947 నుంచి వాళ్ళు బొంబాయిలో విల్లీస్ జీపుల్ని విడిభాగాలుగా తెప్పించి బిగించడం మొదలుపెట్టారు. తొలి విడత 75. తర్వాత ఇక్కడే తయారుచేశారు. 1948లోనే లండన్ నుంచి ప్రభుత్వం తెప్పించిన "బాగుచేసిన" పాత సైనిక జీపుల వ్యవహారం పార్లమెంటుని కుదిపేసింది. వచ్చినవి 155, అవీ పనికిరానివని గొడవ. స్వతంత్ర భారతంలో మొదటి కుంభకోణంగా చెప్పుకునేది అదే. పాత జీపు కొనేటప్పుడు ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలని మన దేశం అంత తొందరగా నేర్చుకుంది!

1952 అక్టోబరు 2న సమాజాభివృద్ధి పథకం వచ్చాక బ్లాకు జీపు, మరుసటి ఏడు మలేరియా పథకం, ఆ తర్వాత కుటుంబ నియంత్రణ ప్రచారం, ఎన్నికల మైకు, అన్నీ మన ఊళ్ళలోకి జీపు మీదే వచ్చాయి. జీపు చప్పుడైతే పిల్లలు పరిగెత్తేవాళ్ళు, పెద్దలు అనుమానంగా చూసేవాళ్ళు.

* * *

మాడుగులలో జీపు చూడ్డానికి వచ్చిన మేస్త్రికి డెబ్భై దగ్గర పడ్డాయి. జీవితమంతా ఘాట్ మీద తిరిగే జీపులు బాగుచేసిన మనిషి. తమ్ముడు పుస్తకాలూ ఫొటోలూ ముందు పెట్టుకుని కూర్చుంటే, ఆయన కిరసనాయిలు డబ్బా, ఇనుప తీగల బ్రష్షు తెచ్చుకుని బండి కిందికి దూరాడు.

"ముందు కడగాల బాబూ. మొకం కడక్కండా పెళ్ళికూతుర్ని సూత్తామేటి?" అన్నాడు.

కడగ్గా కడగ్గా అక్షరాలు బయటపడ్డాయి. నేను శాసనాల క్లాసులోకి వెళ్ళిపోయాను. స్కూటరు కొన్నవాళ్ళకి తెలిసే ఉంటుంది, చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసి ఆఫీసులో ఇస్తారు. శాసనాలకి కూడా అంతే, తడికాగితం పరిచి సిరాతో అచ్చు తీస్తారు. ఆ రోజు నా పని అదే. మేస్త్రి తోముతుంటే, నేను కాగితం పెట్టి రుద్దుతుంటే, తమ్ముడు పుస్తకంలో చూసి చెబుతుంటే, పిన్ని వీధరుగు మీద కూర్చుని మామిడికాయ ముక్కలు తరుగుతోంది.

మొదటి సాక్షి ముందువైపు ఇనుప అడ్డపట్టీ. రేడియేటరు కింద రెండు పక్కల చాసిస్‌నీ కలుపుతూ ఉంటుంది. అది గుండ్రటి గొట్టమైతే విల్లీస్. బోర్లించిన కాలువలా ఉంటే ఫోర్డ్. మాది బోర్లించిన కాలువ! తమ్ముడు లేచి గంతేశాడు. రెండో సాక్షి ముందు జాలీ. యుద్ధం జీపుకి నిలువు చీలికలు తొమ్మిది. యుద్ధం తర్వాత మామూలు జనానికి అమ్మినవాటికి ఏడు. మాది తొమ్మిది. పెట్రోలు టాంకు డ్రైవరు సీటు కిందే ఉంది, మూత బయటికి లేదు. వెనకాల తెరుచుకునే తలుపు లేదు. అవీ యుద్ధం గుర్తులే. ఎడమ స్టీరింగు మాత్రం సాక్ష్యానికి రాదు. మొదట్లో మన దేశంలో బిగించిన మామూలు జీపుల్లోనూ ఎడమ స్టీరింగువి ఉండేవి. బాబాయి ఎప్పుడూ చూపించే ఒకే ఒక్క రుజువు చెల్లలేదన్నమాట. రుజువు తప్పు, మాట నిజం. మన ఇళ్ళలో ఇలాంటి కథలు ఎన్ని లేవు!

అయితే ఇంజను దగ్గర కథ అడ్డం తిరిగింది. యుద్ధం జీపు ఇంజను పేరు "గో డెవిల్", అరవై గుర్రాల బలం. దాని వాల్వులన్నీ పక్కన, ఇంజను దిమ్మలోనే ఉంటాయి, అంచేత పొట్టిగా ఉంటుంది. తర్వాత వచ్చిన "హరికేన్" ఇంజనులో లోపలికి గాలి పీల్చే వాల్వు పైన హెడ్డులోకి వెళ్ళింది. ఇంజను ఎత్తు పెరిగింది, దానికోసం బానెట్టూ ఎత్తు పెంచారు. మనం చూసిన చాలా మహీంద్రా జీపులకి నుదురు ఎత్తుగా ఉండడానికి కారణం ఇదే. మాది పొట్టి ఇంజనే. కానీ కుడివైపు ముందు భాగంలో చదునుగా ఉన్న చోట కొట్టిన నంబరు యుద్ధకాలానిది కాదు, తర్వాతి మామూలు జీపుది. గేరుబాక్సూ అంతే. యుద్ధం జీపుకి ఉండాల్సింది టి-84 అనే రకం. దీని పోతలో ఉబ్బెత్తుగా ఉన్నది టి-90. అది యుద్ధం తర్వాతిది, ఇంకా గట్టిది. ఘాట్ ఎక్కలేక మొదటిది ఎప్పుడో చేతులెత్తేసి ఉంటుంది.

దాని వెనక, శక్తిని ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ పంచే పెట్టె ఒకటుంది. ఆ రకం పెట్టె 1941లో మొదలై ముప్పై ఏళ్ళు నడిచింది. అలాగని ఏ సామాను పడితే అది పట్టదు. లోపలుండే ఇరుసు మొదట ముప్పాతిక అంగుళం లావు. తర్వాత రెండుసార్లు లావు పెంచి అంగుళంపావు చేశారు. బయటికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. కొలవకుండా బేరింగులు కొంటే డబ్బు దండగ. తమ్ముడు అలాగే కొన్నాడు, అలాగే దండగ పెట్టాడు. రవిక కొలత ఇవ్వకుండా కుట్టమన్నట్టు.

చక్రం విప్పేటప్పుడు ఇంకో తమాషా. కుడివైపు చక్రాలు తేలిగ్గానే ఊడొచ్చాయి. ఎడమవైపువి తమ్ముడెంత బలంగా తిప్పినా కదలవు. పానాకి పైపు తొడిగి దాని మీద నిలబడ్డాడు. మేస్త్రి అప్పటిదాకా చూస్తూ ఊరుకుని, నెమ్మదిగా, "బాబూ, అటేపు ఉల్టా మర. మీరు ఇప్పట్లేదు, బిగిత్తన్నారు" అన్నాడు. నిజమే. తిరిగే చక్రంతోపాటు నట్టు వదులైపోతుందేమోనని ఆ రోజుల్లో ఎడమవైపు మరలు తిరగేసి పెట్టేవారు. బోల్టు కొసన ఎల్ అనే అక్షరం కూడా ఉంది. మట్టిలో కనబడలేదు. కొన్ని సంగతులు బలం చాలక కాదు, తిప్పే వైపు తెలియకే విడివడవు. ఈ మాట మేస్త్రితో అంటే, "మా ఇంటిదీ అదే అంటాది" అని నవ్వాడు.

* * *

ఇప్పుడు అసలు చిక్కు. ఫోర్డ్ చాసిస్, తర్వాతి కాలపు ఇంజను, ఇంకెప్పటిదో గేరుబాక్సు, ఏ ఊళ్ళోనో అతికిన రేకులు. ఇది దేని "అసలు రూపం"?

మన పాత కావ్యాలతోనూ ఇదే బాధ. తాటాకు ప్రతులు పది దొరికితే పది పాఠాలు. రాసినవాడు చేయి జారి ఒక మాట మార్చాడు. ఇంకొకడు ముచ్చటపడి తన పద్యం ఒకటి ఇరికించాడు. సి.పి. బ్రౌన్ పండితుల్ని కూర్చోబెట్టి ప్రతులన్నీ పోల్చి చూపించి, పాఠం తేల్చి శుద్ధప్రతులు రాయించాడు. ఇరికించిన పద్యాన్ని ప్రక్షిప్తం అంటాం. మా జీపు నిండా ప్రక్షిప్తాలే. ఇంజను మటుకు తీసి పారేయాల్సిన పని లేదనిపించింది. బోరు చేయించి, కొత్త రింగులూ బేరింగులూ వేస్తే నడుస్తుంది. అరిగిన భాగాన్ని అదే రకం భాగంతో మార్చడం తప్పు కాదు, మార్చినట్టు దాచిపెట్టడం తప్పు. మహీంద్రా ఇన్నేళ్ళు ఇదే వంశం బళ్ళు చేసిన పుణ్యాన సామాను మన దేశంలో ఇంకా దొరుకుతోంది. తమ్ముడు గాజువాక ఆటోనగర్, విజయవాడ ఆటోనగర్, మద్రాసు పుదుపేట అన్నీ తిరిగాడు. పాత జీపులకి పేరుపడ్డ హర్యానాలోని డబ్వాలీకి ఫోన్లు చేశాడు. ఫిలిప్పీన్స్‌లో జీపు ఒళ్ళంతా కొత్త రేకుతో చేసి అమ్ముతారట. అసలు దాని పక్కన పెడితే పోల్చుకోలేమట. డాష్‌బోర్డు మీద అంటించే లోహపు పలకలు కూడా కొత్తవి చేసి అమ్ముతారు. అంచేత పలక మీద రాసింది చూసి మురిసిపోకూడదు. చాసిస్ మీద కొట్టిన నంబరే నమ్మాలి. అది గీకినా, మార్చినా నేరం.

తమ్ముడికి ఒక పిచ్చి పట్టుకుంది. ఫోర్డ్ కంపెనీ తాను చేసిన భాగాల మీద, ఆఖరికి చాలా బోల్టుల తలల మీద కూడా, ఎఫ్ అనే అక్షరం వేసేది. పక్కవాడి సామాను విరిగితే తన మీదికి రాకుండా అలా చేసిందని చెబుతారు. ఆ ఎఫ్ బోల్టులంటే పాత జీపులవాళ్ళు ప్రాణం పెడతారు. మేమూ భూతద్దం పట్టుకుని వెతికాం. పిల్లలు వచ్చి చేరారు. సాయంత్రానికి దొరికినవి తొమ్మిది.

"ఇంకో రెండున్నాయక్కా!" అని తమ్ముడు అరిచాడు. కుడివైపు, ముందు సీటు దగ్గర, ఎక్కడానికి ఒక ఇనుప మెట్టు ఉంది. జానెడు వెడల్పు, నల్లరంగు. దాన్ని చాసిస్‌కి పట్టి ఉంచిన రెండు బోల్టుల తలల మీదా ఎఫ్. జీపు మొత్తం మీద తుప్పు పట్టనివి ఆ రెండే.

"మెట్టు మాత్రం ఒరిజినల్ కాదు. యుద్ధం జీపుకి మెట్టు ఉండదు. విప్పేద్దాం మేస్త్రిగారూ, బోల్టులు ముందు బంపరుకి వేద్దాం" అన్నాడు.

మేస్త్రి పానా అందుకున్నాడు. వీధరుగు మీంచి పిన్ని గొంతు వినిపించింది. "దాని జోలికెళ్ళకండి."

పిన్ని ఎప్పుడూ గట్టిగా మాట్లాడదు. అందరం ఆగిపోయాం. కత్తిపీట పక్కన పెట్టి వచ్చింది.

"అది నాన్నగారు చేయించింది" అంది.

"తెలుసమ్మా, కానీ అసలు బండిలో..."

"నీకు తెలీదు నాన్నా." ఒక నిమిషం ఆగి చెప్పింది. "1980లో నాకు అయిదో నెల. చోడవరం ఆస్పత్రికి చూపించుకోవాలని బయల్దేరాం. వాన. చీర కట్టుకుని ఇంత ఎత్తు ఎక్కాలి కదా, కాలు జారింది. పడ్డాను. ఆ బిడ్డ నిలవలేదు. నీ ముందువాడు."

ఎవరూ మాట్లాడలేదు. మేస్త్రి పానా కింద పెట్టేశాడు.

"మీ నాన్నగారు నాతో ఏమీ అనలేదు. నేనూ అనలేదు. మళ్ళీ నువ్వు కడుపున పడ్డావని తెలిసిన మర్నాడే కమ్మరి కొలిమి దగ్గరికి వెళ్ళారు. పాత ఎద్దుబండి చక్రం పట్టా ఒకటి కొని, వంచించి, మెట్టు చేయించారు. బోల్టులు కొనడానికి కూడా ఆగలేదు. జీపుకి పార తగిలించే కొక్కెం విప్పి, ఆ బోల్టులే దీనికి వేయించారు. ఆ మెట్టు ఎక్కే నిన్ను కనడానికి వెళ్ళాను. ఏటా సంక్రాంతికి నేనే దానికి రంగు వేసేదాన్ని."

ఆ మెట్టు మీద నేనూ ఎక్కాను. చిన్నప్పుడు సెలవుల్లో ఎన్నిసార్లో. అది జీపుతోపాటే పుట్టిందనుకున్నాను.

* * *

ఆ రాత్రి అన్నాలయ్యాక, తమ్ముడి దిగులు చూసి నాకు తెలిసిన చదువు వెలిగించబోయాను. మిళిందుడనే యవన రాజుకి నాగసేనుడనే బౌద్ధభిక్షువు వేసిన ప్రశ్న చెప్పాను. "రాజా, నువ్వు రథం మీద వచ్చానన్నావు. ఇరుసు రథమా? చక్రం రథమా? కాడి రథమా?" ఏదీ కాదంటాడు రాజు. మరి రథమెక్కడుంది? అన్నీ కలిసినప్పుడు మనం పెట్టుకున్న పేరే రథం అంటాడు భిక్షువు.

పిన్ని విని, "అంత దూరం ఎందుకే అమ్మడూ? పూరీ జగన్నాథస్వామిని చూడలేదూ? అధికాషాఢం వచ్చినప్పుడు కొత్త దారువుతో కొత్త ఒళ్ళు. మొన్న 2015లోనూ అయింది. ఎన్నిసార్లు మారినా స్వామి మారాడా? లోపల ఉండేదేదో పాత ఒంట్లోంచి కొత్త ఒంట్లోకి మారుస్తారు, అంతే. మార్చేవాళ్ళకీ కళ్ళకి గంతలే" అంది.

దానికి జవాబు లేదు. జీపులో ఆ లోపల ఉండేది ఏదన్నదే ప్రశ్న. ఆఫీసువాళ్ళని అడిగితే చాసిస్ నంబరు అంటారు. తమ్ముడిలాంటి వాళ్ళు ఎఫ్ బోల్టు అంటారు. పిన్నికి మాత్రం అది జానెడు ఇనుము.

మర్నాడు మేస్త్రే దారి చూపించాడు. బాగుచేసేవాళ్ళు పాటించాల్సిన పద్ధతులు ఆయనకి పుస్తకాల్లేకుండానే వచ్చు. విప్పేముందు ఫొటో తియ్యాలి. విప్పిన ప్రతి ముక్కకీ చీటీ కట్టాలి. మార్చిన పాతదాన్ని పారెయ్యకూడదు. కొత్తది బిగించడానికి పాతదానికి చిల్లులు పెట్టకూడదు. "మెట్టు రెండు బోల్టుల మీదే నిలబడింది బాబూ. చాసిస్‌కి కొత్తగా చిల్లు ఎయ్యలేదు, పాత చిల్లుల్లోనే ఎక్కించినాడు. ఇంజినూ కాదు, బాడీ కాదు. ఉంటే ఏటి నష్టం?" అన్నాడు. చూస్తే నిజమే. నలభై ఏళ్ళ కిందట ఆ కమ్మరి, ఎవరూ చెప్పకుండానే, తర్వాత వచ్చేవాడు విప్పుకోగలిగేటట్టు పని చేశాడు. పనివాడంటే అలా ఉండాలి.

ఆ సాయంత్రం నేనొక పొడుగు నోటుబుక్కు కొని గీతలు కొట్టాను. భాగం పేరు, ఎక్కడిది, ఎప్పటిది, మార్చామా లేదా. ఇది మా శుద్ధప్రతి అన్నమాట. ఇందులో ప్రక్షిప్తాలు కొట్టెయ్యం, ప్రక్షిప్తమని రాసి ఉంచుతాం. ముందు అడ్డపట్టీ: ఫోర్డ్, యుద్ధకాలం, అసలుది. ఇంజను: యుద్ధం తర్వాతిది, మేం మార్చింది కాదు. బేరింగులు: కొత్తవి, ఆటోనగర్. ఎడమ చక్రాల నట్లు: ఉల్టా మర, జాగ్రత్త.

మెట్టు దగ్గరికి వచ్చేసరికి కలం తమ్ముడు తీసుకున్నాడు. వాడి దస్తూరీ బాగుండదు. వంకరగా ఇలా రాశాడు: "మెట్టు. 1982. మాడుగుల కమ్మరి పని, నాన్నగారు చేయించింది. బోల్టులు రెండూ ఫోర్డ్‌వి. విప్పరాదు."

కాగితాలు ఇంకా తిరుగుతున్నాయి. నంబరు వస్తుందో రాదో చూడాలి. జీపు మాత్రం నడుస్తోంది. మొన్న వాకిట్లో మొదటిసారి స్టార్టు చేసినప్పుడు చింతచెట్టు మీది కాకులన్నీ లేచిపోయాయి. మేస్త్రికి డబ్బుతో పాటు హల్వా పొట్లం ఇచ్చాం. పిన్నిని ఎక్కమన్నాం. మోకాళ్ళ నొప్పులు కదా, తమ్ముడు చెయ్యి పట్టుకోబోయాడు.

"అక్కర్లేదు, మెట్టుందిగా" అంది పిన్ని.